మోకు దాటిన మనిషి

మా పెద్దమ్మ మోకు దాటింది కాబట్టి మా నూతిలో ముగ్గురు మగవాళ్ళు చచ్చిపోయారు. బుచ్చయ్యపేట వైపు మా ఊళ్ళో ఎవరిని కదిపినా ఈ మాటే చెబుతారు. మోకు అంటే మనిషి నూతిలోకి దిగడానికి పట్టుకునే లావుపాటి తాడు. మగవాడు దిగబోయే ముందు ఆడమనిషి దాన్ని దాటకూడదట, దాటితే గంగమ్మకి కోపం వస్తుందట. ఆ పొద్దున పెద్దమ్మ దాటింది. పూడిక తీయడానికి దిగిన పెదనాన్న పైకి రాలేదు. ఆయన్ని తేవడానికి మా చిన్నాన్న దిగాడు. వాళ్ళిద్దరి కోసం పక్కపొలం రైతు దిగాడు. మోకాలు మునగని నీళ్ళలో ముగ్గురూ పడి ఉన్నారు. ఒంటిమీద చిన్న గీత కూడా లేదు.

అప్పటికి నేను చిన్నపిల్లని. ఎవరో నా మొహాన్ని వాళ్ళ కొంగులో దాచేయడం, ఆ కొంగుకి బెల్లం వాసన రావడం తప్ప నాకేమీ గుర్తులేదు. పెద్దమ్మకి ఒక్కడే కొడుకు, నాకు తమ్ముడి వరస. వాడు అప్పుడు ఒళ్ళో ఉన్నాడు.

ఇప్పుడు నేను చోడవరంలో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. నాకు కోపం ఎక్కువని పిల్లలు చాటుగా అనుకుంటారు. అబద్ధమేమీ కాదు. ముఖ్యంగా 'అంతుచిక్కని రహస్యం' అన్న మాట వింటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఫోన్లలో ఏవో వీడియోలు చూసి వస్తారు. నడిసముద్రంలో మనుషుల్లేకుండా తేలుతూ దొరికిన ఓడ, ఆకాశం నుంచి చూస్తే తప్ప కనబడని గీతలు, ఎవరూ చదవలేని రాతలు, ఉన్నట్టుండి ఖాళీ అయిపోయిన పట్నం. సైంటిస్టులకే అర్థం కాలేదట మేడం, అంటారు.

"ఓడ దిగిపోయినవాడికి తను ఎందుకు దిగాడో తెలీదా? గీతలు గీసినవాడికి తెలీదా? చేసినవాడికి తెలుసు, పక్కన నిలబడి చూసినవాడికి తెలుసు. కబురు మనదాకా రాలేదు, అంతే. కబురు రానిదల్లా రహస్యమైతే నిన్న మీరు సగంమంది క్లాసుకి ఎందుకు రాలేదో అది కూడా చరిత్రలో అంతుచిక్కని రహస్యమే" అంటాను. నవ్వుతారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు కదా. రొయ్యలు మాయమవడంలో వింతేమీ లేదు. బుట్ట దగ్గర ఉన్నవాణ్ణి ఎవరూ గట్టిగా అడగకపోవడమే వింత.

ఇంత తెలివిగా మాట్లాడేదాన్ని మా నూతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దబాయింపుతో సరిపెట్టుకునేదాన్ని. అందులో ఏమీ లేదు, ఎవరో కాలుజారి పడ్డారు, మిగతావాళ్ళు కంగారులో మునిగారు అనేదాన్ని. మోకాలు మునగని నీళ్ళలో ఎలా మునిగారక్కా అని తమ్ముడు ఒకసారి అడిగితే, కంగారులో అరచెయ్యి లోతైనా చాలు అన్నాను. ఊరివాళ్ళది ఒక కట్టుకథ, నాది ఇంకో కట్టుకథ. నా కథలో అమ్మవారు లేదన్నదొక్కటే తేడా.

పెద్దమ్మని ఎవరూ వెలేయలేదు. అంతకంటే మర్యాదగా దూరం పెట్టారు. చెరకు నరకడం మొదలెట్టే రోజున ఆవిణ్ణి పిలిచేవారు కాదు. బెల్లం వండే పాకలో మొదటి పెనం దించేదాకా ఆవిడ అటు రాకూడదు. ఎవరి ఇంట పెళ్ళి రాట వేసినా ఆవిడే తెలుసుకుని వెనకాల కూర్చునేది. నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా అని నాతోనే అన్నవాళ్ళు ఉన్నారు. ఆ మాట అన్నవాళ్ళ ఇళ్ళకి నేను మళ్ళీ వెళ్ళలేదు.

ఇలా నడిచిపోతుండగా గోరుచుట్టు మీద రోకటి పోటులాగ ఒక వీడియోవాడు ఊళ్ళోకి దిగాడు. నూతి మీద ఎగిరే కెమెరా తిప్పాడు. 'ముగ్గురిని మింగిన నుయ్యి' అని పేరు పెట్టి, డప్పులూ కేకలూ కలిపి, చివర్లో గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీసుకుంటున్న మా పెద్దమ్మని చూపించి ఆవిడ తలమీద ఎర్ర బాణం గుర్తు పెట్టాడు. వేలమంది చూశారట. చెరకు ట్రాక్టరుతో ఫ్యాక్టరీ దగ్గర వరసలో నిలబడ్డ తమ్ముడికి ముందు బండివాడు అదే వీడియో చూపించి, ఈవిడ మీయమ్మే కదేటి, అని అడిగాడట. వాడు తిరిగొచ్చి, మర్నాడు నూతిమీద కప్పిన తాటిదుంగలు లాగేయడం మొదలుపెట్టాడు.

పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. "ఆడు నుయ్యి తీయిస్తానంటన్నాడే. ఆడే దిగతాడట, ఆదివారం. నువ్వు సెప్తే ఇంటాడు. ఆపే ఆడ్ని."

వాడికి చేశాను. ఎవడికి రుజువు చేయాలిరా, అన్నాను.

"నువ్వే కదేటక్కా సెప్తావు, అందులో ఏటీ లేదని. లేకపోతే దిగతాను, పూడిక తీస్తాను, పైకొస్తాను. బోరు ఎలాగూ ఎండిపోయింది, నీళ్ళూ కావాలి. నేను పైకొచ్చేక మాయమ్మని ఎవులేటంటారో సూస్తాను."

నా మాటే నాకు అప్పజెప్పాడు. వాడు క్షేమంగా పైకి వస్తే ఆవిడ మీద మచ్చ పోతుంది. రాకపోతే మొగుణ్ణీ కొడుకునీ కూడా తినేసింది అంటారు. ఆ మాట ఎవరి నోటినుంచి ఏ గొంతుతో వస్తుందో కూడా నాకు ముందే వినిపించింది. ఆ వారం క్లాసులో ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

ఆదివారం పొద్దున్నే స్కూటీ మీద వెళ్ళాను. రోడ్డు పొడుగునా చెరకు బళ్ళు. నుయ్యి మా బెల్లం పాక పక్కనే ఉంటుంది. ఆ ముగ్గురూ పోయాక మూసేశారన్న మాటే గానీ దుంగల సందుల్లోంచి ఏటేటా పిప్పి, చెరకు ఆకు, పెనాలు కడిగిన మడ్డి నీళ్ళు అన్నీ అందులోకే పోయేవి. ఎలాగూ వాడని నుయ్యే కదా. ముందురోజంతా మోటారు పెట్టి నీళ్ళు తోడేశారు. కింద నల్లటి బురద, పైన పులిసిన కల్లు లాంటి వాసన. బెల్లం వండే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి అది అసలు వాసనగానే తోచదు. నాకూ తోచలేదు.

అప్పటికే జనం చేరారు. కొందరు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. దించండిరా చేతులు అని కసిరాను. దించి, నేను అటు తిరగగానే మళ్ళీ ఎత్తారు.

పెద్దమ్మ పాక వెనక గోడకి జేరబడి, నూతికి వీపు పెట్టి కూర్చుంది. నన్ను చూసి, "వచ్చేవా" అంది. "ఆడికి సద్దన్నం పెట్టేను. తిన్లేదు" అంది. పక్కన కూర్చోబోతే, ఇక్కడ కాదు ఆడి దగ్గరుండు అని తోసింది. ఆవిడ అరచెయ్యి చల్లగా ఉంది.

గిలకకి మోకు వేశారు. తమ్ముడు నడుముకి కట్టుకున్నాడు. ఇంతలో వాడి భార్య, నా మరదలు, పసుపు పూసిన గంపలో దీపం పెట్టి తెచ్చింది. మా వైపు ఏ నూతిలోకి మనిషి దిగాలన్నా ముందు దీపం దించుతారు. ఇంటి పెద్దకోడలు దించాలి. దీపం వెలుగుతూ తిరిగి వస్తే గంగమ్మ దిగమని చెప్పినట్టు. నాకు ఇలాంటివాటి మీద ఓపిక లేదు. బేగి కానియ్యమ్మా అన్నాను. ఆ తతంగం ఎంత తొందరగా అయితే వాడు అంత తొందరగా దిగి ఎక్కేస్తాడని నా ఆత్రం.

గంప దిగింది. అడుగు దాకా వెళ్ళింది. చీకట్లో పసుప్పచ్చగా మిణుకుమంటూనే ఉంది. పైకి లాగారు. అలాగే వెలుగుతోంది. అమ్మోరు ఒప్పుకుంది అని ఒక ముసలాయన అన్నాడు. ఆడవాళ్ళు దండం పెట్టారు. తమ్ముడు గట్టు దాటి కాలు లోపల పెట్టి, నావైపు చూసి కొంచెం నవ్వాడు. నలుగురు మోకు పట్టుకుని వదులుతున్నారు.

గంపలోకి చూశాను. ప్లాస్టిక్ ప్రమిద. పైన ఒత్తి ఆకారంలో చిన్న బల్బు. దీపావళికి చోడవరం బజారులో గుట్టలుగా పోసి అమ్ముతారే, అది.

"నూనె దీపం ఏదే?" అని మరదల్ని అడిగాను.

"అది గాలికి ఆరిపోతంది వదినా. ఆరిపోతే అపశకునం కదా. ఇప్పుడందరం ఇయ్యే వాడతన్నాం. ఇది ఆరదు."

నాకు నవ్వొచ్చింది. అమ్మవారికి కూడా బ్యాటరీ వేశారా అందామనుకున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆరని దీపం దించడం ఎందుకు? ఎవడూ ఫెయిలవని పరీక్ష పెట్టడం ఎందుకు? అసలు ఈ దీపాన్ని మొదట దించినవాళ్ళు కిందకి చూసి ఏం తెలుసుకోవాలనుకున్నారు? డ్రైనేజీ గుంటల్లో దిగి ఊపిరాడక ఒకరి వెనక ఒకరు పోయారని పేపర్లో నేను ఎన్నిసార్లు చదవలేదు? చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పేశాను. మా నూతికి ఒక కథ ఉంది కాబట్టి దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. కథ ఉన్నచోట మనం గుంట వైపు చూడం, కథ వైపే చూస్తాం.

"లాగండి. పైకి లాగండి వాణ్ణి."

మోకు పట్టుకున్నవాళ్ళు నావైపు వింతగా చూశారు.

"ఏటమ్మా, దీపం సక్కగా వచ్చింది కదా" అన్నాడు ముసలాయన. "మద్దిలో ఆపకూడదు. అరిష్టం."

"అది దీపం కాదు బాబూ. లోపల గాలి లేదు. లాగండి ముందు."

కింద నుంచి తమ్ముడు, "ఏటక్కా" అన్నాడు. మామూలుగానే ఉంది గొంతు. చూశావా బాగానే ఉన్నాడు అన్నట్టు వాళ్ళు ఇంకొంచెం తాడు వదిలారు. మరదలు నా మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో గానీ గంప కింద పడేసి వాళ్ళతో పాటు మోకు పట్టుకుని వెనక్కి గుంజింది. నేనూ పట్టుకున్నాను.

"ఒరే, మాట్లాడరా" అన్నాను నూతిలోకి. ఏదో అన్నాడు. మాటలు మాటల్లా లేవు. నిద్రలో గొణిగినట్టు ఉన్నాయి. అది అందరూ విన్నారు. అప్పుడు లాగారు. అరిష్టమన్న ముసలాయన కూడా పంచె ఎగ్గట్టి లాగాడు. నా చేతుల్లో మోకు జారి చర్మం లేచిపోయింది, అది నాకు తరవాత గానీ తెలియలేదు. పైకి వస్తున్న బరువు ఎటూ కదలకుండా, బస్తాలాగ వస్తోంది. నా కళ్ళముందు పెదనాన్న, చిన్నాన్న, ఆ పక్కపొలం ఆయన ఒకేసారి నిలబడ్డారు. వాడు పోతే పెద్దమ్మ మొహం నేను చూడలేను, నేనూ ఆ నూతిలోకే పోతాను అనుకున్నాను.

తల కనిపించింది. మెడ వాలిపోయి ఉంది. చంకల కింద చేతులు వేసి ఈడ్చి పిప్పి కుప్ప మీద పడుకోబెట్టారు. మొహం బూడిద రంగులో ఉంది, నోరు తెరుచుకుని ఉంది. మరదలు వాడి చెంపలు వాయించేసింది. నేను విసురుదామంటే చేతికి ఏమీ దొరక్క నా పైట చెంగుతోనే విసిరాను. కాసేపటికి దగ్గు వచ్చింది. వాంతి చేసుకున్నాడు. కళ్ళు తెరిచి, "కాళ్ళు నావి కావనిపించింది అక్కా" అన్నాడు. నేను వాడి పక్కన కూలబడి, ఎవరు చూస్తున్నారో కూడా ఆలోచించకుండా ఏడ్చేశాను.

తలెత్తేసరికి పెద్దమ్మ మా వెనక నిలబడి ఉంది. పాక వెనక నుంచి ఎప్పుడు వచ్చిందో తెలియదు. కొడుకు ఛాతీ మీద చెయ్యి వేసి, అది ఎగిసి పడుతూ ఉండడం చూసుకుంది. తరవాత నిటారుగా లేచి, "నూనె దీపం తెండి" అంది.

నేను కూడా అదే అడగబోతున్నాను. ఎవరో ఇత్తడి ప్రమిదలో నూనె పోసి, ఒత్తి వేసి తెచ్చారు. ఆవిణ్ణి నూతి దగ్గరికి రావద్దని అనేవాళ్ళెవరూ అప్పుడు నోరు తెరవలేదు. గంపని ఆవిడే దించింది. గాలి కూడా లేదు, పక్కన చెరకు ఆకు కదలడం లేదు. మంట నిలువుగా దిగింది. నూతి సగానికి వెళ్ళేసరికి చిన్నదై, నీలమై, ఎవరో రెండు వేళ్ళతో నలిపినట్టు ఆరిపోయింది. పైకి లాగి మళ్ళీ వెలిగించి దించింది. మళ్ళీ అక్కడే ఆరింది.

నేను అందరికీ వినపడేలా చెప్పాను. పిప్పీ మడ్డీ పులిసి చెడ్డగాలి పడుతుంది, అది బరువైనది, అడుగునే ఉంటుంది, దీపం బతకనిచోట మనిషి బతకడు, అప్పుడూ పూడిక కుళ్ళి ఇదే జరిగి ఉంటుంది. తరగతిలో చెప్పినట్టే చెప్పాను. ఒకరిద్దరు తలూపారు. ముసలాయన మాత్రం నెమ్మదిగా, "అమ్మోరికి ఇష్టం లేక ఆర్పేసింది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఏదో అనేలోపు పెద్దమ్మ మాట్లాడింది.

"ఆ రోజూ ఆరిపోనాది."

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"పెద్దకోడల్ని కదా, నేనే దించేను. ఇక్కడే నిలబడి దించేను. ఇలగే ఆరిపోనాది. ఆయన అటు సివర మోకు పట్టుకుని దిగడానికి తయారుగున్నాడు. కేకేసేను. సెరుకు గానుగ సప్పుడులో ఇనపడలేదు. ఆపుదారని అటు పరిగెట్టేను. మద్దిలో నేలమీద మోకు పడుంది." ఆగి ఊపిరి తీసుకుంది. "దాటేను. అందరూ ఒక్కపాలి నామీద పడిపోయేరు, ఆడది మోకు దాటేసిందని. ఆళ్ళు నన్ను తిడతన్నారు, ఆయన దిగిపోయేడు."

పిప్పి మీద పడుకున్న తమ్ముడు మోచేతుల మీద లేవబోయి లేవలేకపోయాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?" అన్నాను. నా గొంతులో కోపం ఉంది. అది ఎవరిమీదో నాకే తెలియదు.

"సెప్పేను. ఆ సాయంత్రమే మా అత్తకి సెప్పేను. నువ్వు మోకు దాటేవనే అమ్మోరు దీపం ఆర్పేసింది అంది. కాదత్తా, ముందు దీపం ఆరింది, తరవాతే దాటేనన్నాను. ఏది ముందో ఏది తరవాతో ఎవులికి కావాలే, ముగ్గురూ పోయేరు కదా అంది. మరింకెవులూ అడగలేదు." నావైపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు, అందుకే భరించలేకపోయాను. "నువ్వూ అడగలేదు. వచ్చినప్పుడల్లా అందులో ఏటీ లేదు పెద్దమ్మా అని సెప్పి ఎల్లిపోయేదానివి."

ఏది ముందు జరిగిందో ఏది తరవాత జరిగిందో పిల్లలకి చెప్పడమే నా ఉద్యోగం. పండక్కీ పబ్బానికీ ఆవిడ చేతి అన్నం తిన్నాను. పక్కన పడుకుని కబుర్లు చెప్పాను. ఆ పొద్దున దీపం ఆరడం కళ్ళారా చూసిన మనిషి ఒక్కతే, ఆ మనిషి మా ఇంట్లోనే ఉంది. నేను ఆవిడకి ధైర్యం చెప్పాను గానీ ఒక్క ప్రశ్న వేయలేదు.

తమ్ముడు ఎలాగో లేచి కూర్చున్నాడు. ఫోన్లు పట్టుకున్నవాళ్ళ వైపు చూసి, "తియ్యండి ఇప్పుడు" అన్నాడు. "మాయమ్మ సెప్తంది, ఇది తియ్యండి." ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఒకరిద్దరు ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు.

నేను పెద్దమ్మ ఎదురుగా నేలమీద కూర్చున్నాను. "మొదటినుంచి చెప్పు పెద్దమ్మా. నేను వింటాను" అన్నాను. నేను నిజంగానే అడుగుతున్నానా అన్నట్టు ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. తరవాత నూతి గట్టు మీద కూర్చుని, ఆ పొద్దున పెదనాన్న తెల్లారకముందే లేచి గానుగకి ఎడ్లు కట్టడం దగ్గర మొదలుపెట్టింది.